వంతు నీళ్లు

రాజమండ్రిలో మూడు రోజుల శిక్షణ.
స్పైరల్ పుస్తకం నిండా మనస్తత్వ శాస్త్రం రాసుకుని
కొత్తపేట బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను,
ముందు ఎవరి మీద ప్రయోగిద్దామా అనుకుంటూ.

దొరికింది లోవకుమారి.
పదో తరగతి బి సెక్షను,
లాకు లస్కరు మట్టపర్తి సూరన్న గారి రెండో అమ్మాయి.
"నువ్వు తెలివైనదానివే" అన్నాను, అందరి ముందూ.
మొహం వెలిగింది.
మర్నాటి నుంచి కష్టమైన లెక్క ముట్టుకోవడం మానేసింది.
తప్పు చేస్తే ఆ మాట వెనక్కి తీసేసుకుంటాననుకుందేమో.
పెద్ద నోటు చేతిలో పెట్టినట్టు పెట్టాను.
మార్చడానికి భయపడి దాచుకుంది.

అర్ధ సంవత్సర పరీక్షలకి
రాత్రంతా పైకి చదివిందట, గొంతు బొంగురుపోయేదాకా.
పుస్తకం తెరిచి చూపించింది:
ప్రతి వాక్యం కిందా పసుపు గీత,
కోతకొచ్చిన చేనులా పేజీకి పేజీ.
"పొద్దున్నకి ఒక్క ముక్కా లేదండి మేడమ్."

జనవరి ఆఖర్న, దాళ్వా నాట్లు అయ్యాక,
లాకు దగ్గర స్కూటీ ఆపాను.
కూతురి గురించి చెబుదామని నేను,
నీళ్ల గురించి తప్ప వినని ఆయన.
చక్రం తిప్పుతూ అన్నాడు:
"అంతా ఒక్కసారే వదిలేత్తే ఏటవుద్దండి?
మొగ దగ్గర చేలు మునుగుతాయి,
శివారుకి చుక్క అందదు.
అందుకే వంతండి. ఇత్తాం, కట్టేత్తాం.
కాస్త ఆరనివ్వాలండి.
నెర్రె పడీ పడనప్పుడు మళ్లీ తడిపితే
వేరు కిందికి ఎతుక్కుంటాది."

శిక్షణలో తెర మీద ఒక గీత చూపించారు,
మరుపు ఎలా జారుతుందో, రోజు రోజుకీ కిందికి.
అప్పుడు ఆవలించాను.
ఇప్పుడు ఆ గీత గట్టు మీద నిలబడి
బీడీ వెలిగించుకుంటోంది.

సోమవారం కాంతి పరావర్తనం చదివించాను.
పుస్తకం మూయించాను.
కరెంటు బిల్లు వెనకవైపు ఇచ్చి,
గుర్తున్నది రాయమన్నాను.
మూడు వాక్యాలు, ఒక కొంగ బొమ్మ.
"రావట్లేదండి" అంది, ఏడుపుగొంతుతో.
"రాకపోతే వెతుకు. ఆ వెతుకులాటే చదువు" అన్నాను,
నాకూ పూర్తిగా నమ్మకం లేకుండానే.
బుధవారం అదే పాఠం, ఇంకో బిల్లు.
ఆ పై బుధవారం మళ్లీ.
కొంగలు తగ్గాయి.
తెలివైనదానివని మళ్లీ అనలేదు.
"ఈ మెట్టు మీదికి ఎలా వచ్చావ్?" అని మాత్రం అడిగేదాన్ని.
మొదట్లో అనుమానంగా చూసేది,
తర్వాత చెప్పడం మొదలెట్టింది, చేతులు ఊపుతూ.

అందరికీ ఇలా కుదరలేదు.
ఆఖరి బెంచీలో రాపాక ఏసుదాసు ఉన్నాడు.
రాత్రుళ్లు రొయ్యల చెరువు మీద ఏరేటర్లకి కాపలా.
మొదటి పీరియడ్‌కే తల బల్ల మీదికి వాలిపోతుంది.
లక్ష్యాలు రాసుకోమన్నాను.
"నిద్ర" అని రాశాడు, చక్కటి దస్తూరితో.
వాడి కోసం నా స్పైరల్ పుస్తకంలో పేజీ లేదు.
చెరువు ఆసామిని రెండుసార్లు కలిశాను. కాఫీ ఇచ్చాడు.
ఇప్పుడు రోజూ పది నిమిషాలు పడుకోనిచ్చి
ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను.
శివారు భూమి. ఏమవుతుందో తెలియదు.

మార్చి మొదటి వారం,
బోర్డు మీద లోవకుమారి మూడో మెట్టులో తప్పింది.
ముందు బెంచీ కిసుక్కుమంది.
డస్టరు కోసం నేను లేవబోతుంటే
"ఉండండి మేడమ్, ఎక్కడ తప్పానో నాకు తెలిసిపోతోంది" అంది.
సుద్ద అంటిన వేలితో
తన గీతల మీదే వెనక్కి నడిచింది.
నేను కూర్చున్నాను.

ఆ సాయంత్రం లాకు గోడ మీద కూర్చుని కనిపించింది,
కాళ్లు నీళ్ల వైపు వేలాడేసి, ఒళ్లో పుస్తకం లేకుండా.
నాలో పాత టీచరు నిద్ర లేచింది:
"పరీక్షలు పెట్టుకుని ఏంటే ఇది?"
"ఇవాళ కట్టేసిన రోజండి" అంది,
కిందున్న నీటి మట్టం చూస్తూనే.
"మళ్లీ గురువారం నా వంతు."

నోరు మూసుకుని స్కూటీ ఎక్కాను.