పీపా మీద రెండు వేళ్లు

ఒరెస్తే నేలమాళిగలో దీపం వేయడు.
పీపా పొట్ట మీద రెండు వేళ్లతో కొట్టి
చెవి ఆనిస్తాడు.
"ఇక్కడిదాకా ఉంది" అంటాడు
మోకాలెత్తున చెయ్యి పెట్టి.
బిరడా మాత్రం తీయడు.

కాషీనాలో, ఆయన మొక్కజొన్న చేను గట్టునే
మా సొరంగం: మూడు కిలోమీటర్ల నీలి కప్పు,
లోపల శూన్యం, శూన్యంలో ఒక కాంతి పోగు.
పీసా అవతల సముద్రం ఒడ్డును కొడితే
మా అద్దాలు వణుకుతాయి.
ఆయన ట్రాక్టర్ తీస్తే
ఇక ఆ పూటకి మేం చెవిటివాళ్లం.
అందుకే నన్ను పంపారు, బతిమాలడానికి.
"రాత్రిళ్లు దున్నకండి" అన్నాను.
"రాత్రిళ్లు ఏం వింటావు, ఫోస్కా?"

చెప్పాను.
రెండు నల్లబిలాలు తిరిగి తిరిగి ఒకటవుతాయి.
కొత్తది ఇంకా కుదురుకోదు,
ఆ వంకరంతా విదిల్చుకోవడానికి మోగుతుంది.
ఎంతసేపని?
రెప్పపాటును నలభై ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్క.

తిరుగుతోంది కదా, ఒక్క స్వరం కాదు.
సుడి వెంట పరుగెత్తే అల హెచ్చుస్థాయి,
ఎదురీదేది గొంతు దించుకుంటుంది.
సుడి ఉరవడి పెరిగేకొద్దీ
వెంట నడిచే స్వరం ఆలస్యంగా ఆరుతుంది.
ఇంతకు మించి తిరగలేను అనే హద్దు దగ్గర
ఆరనే ఆరదేమో అనిపిస్తుంది
కాగితం మీద.
బయట అలాంటిది నేనింకా వినలేదు.

ఒరెస్తే జున్ను కోస్తున్నాడు.
"అయితే మీరూ పీపానే తడుతున్నారు."
మేం తట్టం. దెబ్బ అదే తింటుంది,
మాది చెవి మాత్రమే.
"లోపలేముందో తెలుస్తుందా?"
రెండే తెలుస్తాయి. ఎంత బరువు, ఎంత సుడి.
"ఏం పడిందో? చుక్కో, మట్టో, ఎవరి ఊరో?"
తెలియదు. ఆ జ్ఞాపకం దాని మోతలో ఉండదు.

కత్తి చాలాసేపు కదల్లేదు.
"నా పీపా ఏ ఏటిదో కూడా చెబుతుంది.
తొంభై ఏడు, వడగళ్ల ఏడు.
ఆ చప్పుడులో ఇంకా గరుకుంది.
పాపం" అన్నాడు,
ఎవర్నో తెలియలేదు.

ఫిబ్రవరిలో వచ్చింది.
నూట యాభై కోట్ల ఏళ్లు నడిచి వచ్చి
తెర మీద లేచి, వణికి, పడుకుంది.
కాఫీ కప్పు ఇంకా నా పెదవి దగ్గరే ఉంది.
రెండు అంకెలతో మొత్తం గీసేశాను:
డెబ్భై ఒక్క సూర్యుళ్లు,
హద్దులో ముప్పాతికకి కాస్త తక్కువ సుడి.
ఇంకేమీ అడగడానికి లేదు.

ఆ గీత తీసేశాక మిగిలిన గరగరలో
నాలుగుంపావు దగ్గర మరొకటి తగిలింది,
లోగొంతుతో, తెరలుతెరలుగా, గుడగుడ.
మాట తప్పాడు.
తెల్లారితే వాన అన్నారు కదా.

నియమం ప్రకారం ఆ ముక్క కోసి పారేయాలి.
కోశాను.
కోసే ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని
రెండుసార్లు విన్నాను.
ఏ చెక్కో, ఏ గేరో,
చాలు చివర ఎక్కడ తిప్పాడో,
అక్కడ మట్టి ఎంత తడిగా ఉందో కూడా
చెప్పగలను.