పలకని మెట్టు

ఉత్తర వేల్స్‌లో మా ఊరి కప్పులన్నీ పలకలే.
కొండ కడుపు చీల్చి తీసిన నల్లని పలకలు.
వాన రోజంతా వాటిమీద ఏదో దిద్దుతుంది,
చెరుపుతుంది, మళ్ళీ దిద్దుతుంది.
నలభై ఏళ్ళుగా చూస్తున్నాను,
ఒక్క ముక్క చదవడం చేతకాలేదు.

వారంలో ఆరు రోజులు ఫ్రిజ్‌లు బాగుచేస్తాను.
ఏడో రోజు ఆర్గాన్ వాయిస్తాను.
శనివారం రాత్రి ఎంత తోమినా గోళ్ళలో గ్రీజు పోదు.
కీర్తన నాలుగో చరణానికొచ్చేసరికి
తెల్ల మెట్లమీద నా వేలిముద్రలు తేలతాయి.
సోమవారం బ్లోడ్వెన్ గారు తుడుస్తుంది,
ఏమీ అనదు.
అదీ ఒక రకం పాపక్షమాపణే.

నా భార్య కైన్వెన్ మందిరానికి రాదు.
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి ఆ వేళకి నిద్రపోతుంటుంది.
"నీ ప్రభువు పెట్రోలు ఖర్చైనా ఇవ్వడేం?" అంటుంది.
అంటూనే ఆదివారపు చొక్కా ఇస్త్రీ చేసి
కుర్చీకి తగిలించి పోతుంది.

వచ్చేది పదకొండు మంది.
చలికాలం ఎనిమిదే.
బెంచీలు మాత్రం నాలుగొందల మందికి,
గనులు నడిచే రోజుల్లో వేసిన లెక్క అది.

ఆర్గాన్‌కి ఒక కాలి మెట్టు పలకదు.
కింది జి. గాలితిత్తి తోలు చినిగింది.
దాన్ని బాగుచేయించే డబ్బుతో
పైకప్పు సగం వేయించుకోవచ్చు,
పైకప్పుకీ డబ్బు లేదు.
చరణం ముగిసే ప్రతిచోటా
అలవాటుకొద్దీ నా పాదం దాన్నే నొక్కుతుంది.
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేసినట్టు
పాట లోపలికి జారుతుంది.

ఆ జారుడు చోట ఇథెల్ ఉండేవాడు.
ముప్పై రెండేళ్ళు కొండలో పలకలు చీల్చినవాడు,
ఊపిరితిత్తుల నిండా పలక పొడి.
మాట్లాడాలంటే రెండు మాటలకోసారి ఆగాలి,
పాటలో మాత్రం ఆగేవాడు కాదు.
వెనకనుంచి మూడో బెంచీలో
ఓవర్‌కోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడి
నా పాదం కింద లేని ఆ స్వరాన్ని
తన ఛాతీలోంచి తీసి అక్కడ పెట్టేవాడు.
ఎవరూ అడగలేదు.
ఒకసారి థాంక్స్ చెప్పబోతే
"నీ వ్యాను... పొగగొట్టం చూపించు...
మోత ఎక్కువైంది" అన్నాడు.

నవంబరులో పోయాడు.
సమాధి ఆరాధనకి నేనే వాయించాను.
ప్రతి చరణం చివరా ఒక గుంట,
అప్పుడే తవ్విన, ఇంకా పూడ్చని గుంట.
"ఆయన స్వరం ఇప్పుడు పరలోక గాయకులతో" అని కాపరి అంటుంటే
అక్కడ కరువయ్యారా బేస్ పాడేవాళ్ళు, అనుకున్నాను.
అనుకుని, ఆమేన్ వాయించాను.
నా వేళ్ళకు నాకంటే విశ్వాసం ఎక్కువ.
నన్నడక్కుండానే మోకరిస్తాయి.

మొన్న గురువారం
నెరిస్ చేపల వేపుడు కొట్లో ఫ్రీజర్ ఆగిపోయింది.
పాత మోటారు. రిలే మార్చాను.
దగ్గింది, వణికింది, అందుకుంది.
కింది జి.
వెంట్రుకవాసి పైన.
ఇథెల్ కూడా అంతే,
ఉత్సాహమొస్తే కాస్త పైకి పోయేవాడు.
మూతమీద చెంప ఆనించాను.
లోపల గడ్డకట్టిన కాడ్ చేపలు, బఠాణీ సంచులు.
ఇన్నేళ్ళూ ఆరు రోజులు
మోకాళ్ళమీద కూర్చుని ఈ స్వరాన్నే బాగుచేస్తూ
ఏడో రోజు అది లేదని ఏడ్చాను.

దేవుడు మాట్లాడాడని అనను.
అది కరెంటు.
అయినా కళ్ళు తుడుచుకోడానికి
స్పానరు కింద పెట్టాల్సొచ్చింది.

"ఏమైంది, మళ్ళీ పోయిందా?" అంది నెరిస్, పిండి చేతులతో.
"లేదు," అన్నాను, "పలుకుతోంది."
బిల్లులో ఆ పది నిమిషాలు వేయలేదు.

బయట వాన పలకలు దిద్దుతోంది.
ఆదివారానికి కాపరి మూడు కీర్తనలు పంపాడు,
మూడూ జిలోనే ముగుస్తాయి.
గొంతు నాకెప్పుడూ లేదు.
చూద్దాం.