మాడు

సీసా మీద చీటీ: వహీదుద్దీన్, యాభై రెండు, మగ.
లోపల ఫార్మలిన్‌లో కందిగింజంత ముక్క.
పెద్దపేగులోంచి తీగ ఉచ్చు వేసి తెంపారు.

ఈ పేరుగలవాళ్ళు ఈ ఊళ్ళో ఎందరో, అనుకున్నాను.
కాగితం తిప్పితే, వృత్తి అన్న గడిలో
ఎవరిదో వంకర చేతిరాత:
పత్థర్ కా గోష్ బండి, మల్లేపల్లి.

నిన్న రాత్రి డ్యూటీ దిగి తిన్నది అక్కడే.
మొన్న కూడా.

పదకొండేళ్ళుగా నా పని ఇది:
ముక్కని మైనంలో పోతపోయడం,
ఉల్లిపొర సిగ్గుపడేంత పలచగా కోయడం,
గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి
గాజుపలక మీదికి ఎత్తుకోవడం.
ఆయన పనీ ఇంచుమించు ఇదే.
తొడకండని పలచగా కోసి
కాలిన రాతి మీద పరుస్తాడు.
ఎవరి కత్తి పదునని ఒకసారి వాదించుకున్నాం.
నేను నర్సునని ఆయన నమ్మకం,
"సిస్టరమ్మా, నీది సూది, కత్తి ఎక్కడిది?" అని కొట్టిపారేశాడు.

రంగు వేశాను. ఊదా, గులాబీ.
మేడమ్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూశారు.
కణాలు బోనాల నాటి సిటీబస్సులో జనంలా
ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.
"ఎడినోమా. చిన్నదే. తీసేశారుగా, మంచిది.
వదిలేస్తే పదేళ్ళకో పదిహేనేళ్ళకో
ఏమయ్యేదో చెప్పలేం."
తర్వాత టీ తాగుతూ చెప్పారు:
మాంసంలో లేనివి, నిప్పులోనూ లేనివి,
రెండూ మరీ దగ్గరైన చోట పుట్టేవి కొన్ని ఉంటాయట.
ఆ పేర్లు పలకడానికి నోరు తిరగదు,
నమలడానికి తిరుగుతుంది.
"అదే కారణమని రాయలేం సుమా.
ముప్పు పెరుగుతుంది, అంతవరకే.
బీడీ ఉండొచ్చు, వాళ్ళ నాన్నకి ఉండొచ్చు, ఏమీ లేకపోనూవచ్చు."

కానీ నాకొకటి తెలుసు, ఫారంలో దానికి గడి లేదు.
తొమ్మిదేళ్ళప్పుడు జహీరాబాద్ నుంచి
లారీ వెనక కూర్చుని వచ్చాడు.
మెత్తని ముక్క గిరాకీది.
రాతికి అంటుకుపోయింది, నల్లబడింది,
ఉలితో గీకితే రాలింది పనిపిల్లలది.
రోటీలో చుట్టుకుని బండి కింద కూర్చుని తినేవాడట.
తర్వాత బండి తనదైంది,
నాలుక మాత్రం ఆ బండి కిందే ఉండిపోయింది.
"అసలు మజా మాడులోనే ఉంది" అనేవాడు,
నేనూ తలూపేదాన్ని.

కడుపు మాడడం ఒకటి.
మాడు కడుపులోకి పోవడం ఇంకొకటి.
మొదటిది తప్పించుకోవడానికి రెండోది ఎంచుకున్నాడు
అని రాసి కొట్టేశాను.
ఎంచుకోవడమంటే రెండు పళ్ళేలుండాలి కదా.

రిపోర్టు నా నోటితో చెప్పకూడదు.
పది రోజులు ఆ వీధి మానేసి
మెహదీపట్నం మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరాను.
పదకొండో రోజు ఆకలి గెలిచింది.

రాయి అదే. నెయ్యి చిటపట అదే.
నయీం అని కొత్త పిల్లాడు, మీసం ఇంకా రాలేదు,
ఉలితో గీకి, చెక్కు నోటి దాకా తెచ్చుకున్నాడు.
వహీద్ భాయ్ వాడి చేతి మీద ఒక్కటేశాడు.
నల్లదంతా డబ్బాలోకి ఊడ్చి,
గిరాకీ ముక్క, మెత్తనిది, రసం కారేది,
వాడి రోటీలో పెట్టాడు.
"రోజుకి నాలుగు ముక్కలు నష్టం" అని గొణిగాడు,
లెక్క నాకు వినబడేలా.
పిల్లాడు అనుమానంగా నమిలాడు.
వాడికి ఉప్పు చాలలేదు.

"సిస్టరమ్మా, నీకెట్లా?"
ఎప్పుడూ అనేమాట నాలుక చివర సిద్ధంగా ఉంది:
జర కడక్.
పొగ నా మొహం మీదికి తిరిగింది.
ఆయన చెంచా గాల్లో పట్టుకుని
నా జవాబు కోసం చూస్తున్నాడు.