తాళాల గుత్తి

డిసెంబరులో మా దీవికి
తెల్లవారడమంటే గడియారం చెప్పే మాటే.
ఆ చీకట్లోనే ఓడ్వేగ్ వచ్చి
పదిహేడు తాళాల గుత్తి నా బల్ల మీద పడేసింది.
"ఇక నీవే యోమార్.
రేపటి నుంచి డీజిల్ గురించి నన్నడగొద్దు."

ముప్పై ఏళ్లు
చేపలు ఎండగట్టే దండేల కింద వంగి నడుస్తూ
తాళ్ల ముడులు తడిమి చూసిన మనిషి.
పడవ పేరు వింటే బాకీ చెప్పేది.
ఎవరి చేతితొడుగు చిరిగిందో, ఎవరింట్లో జ్వరమో,
ఐసు మిషను ఏ వారం మొరాయిస్తుందో
అన్నీ ఆ తలలోనే.
రాత్రిపూట ఆ తలను ఏ దిండు మోసేదో పాపం.

మొదటి వారం ఉండబట్టలేకపోయింది.
కాఫీకని దిగివచ్చి
తూకం చీటీలు తిరగేసింది.
నేను చూడనట్టే ఉన్నాను.
తర్వాత చేతులు జేబుల్లోకి,
బయటికి,
మళ్లీ జేబుల్లోకి.

ఫిబ్రవరిలో రెండు పడవల తూకాలు తారుమారు చేశాను.
తూర్లేవ్ తలుపు తన్నుకుంటూ వచ్చాడు,
ఊరంతా వినేలా.
ఆమె మెట్ల మీదే ఉంది.
నాలుక చివరి జవాబును
చేపముల్లులా మింగి
"యోమార్ చూసుకుంటాడు" అని పైకెళ్లిపోయింది.
చూసుకున్నాను. మూడు రాత్రులు పట్టింది.

పైన ఏం చేస్తోందో ఎవరికీ తెలీదు.
ఏప్రిల్‌లో నన్ను పిలిచింది.
గోడ మీద సముద్రపు పటం, నిండా గుండుసూదులు:
ఏ ఏడు చేప ఎక్కడ దొరికిందో.
ఏటికేడు వేలెడంత, బెత్తెడంత
ఉత్తరానికి జరిగిపోతున్నాయి సూదులు.
"లెక్కలన్నీ మొదటినుంచీ మన పుస్తకాల్లోనే ఉన్నాయి.
గుచ్చడానికే తీరిక లేకపోయింది" అంది,
ఎవరినో క్షమాపణ అడుగుతున్నట్టు.

పటం పైఅంచున ఓ చిన్న రేవు చుట్టూ పెన్సిలు గీత.
"అక్కడో పాత షెడ్డు అమ్మకానికుందట.
దండేలకు గాలి ఎలా ఆడుతుందో
రేపు చూసొస్తాను."

"పడవకు డీజిల్ ఎంత పోయించమంటారు?"
అనేసి నాలుక్కరుచుకున్నాను.
ఆమె అప్పటికే కిటికీ వైపు తిరిగింది.

ట్యాంకు నిండుగా పోయించాను.
మెట్టుమెట్టుకీ గుత్తి నడుముకు తగులుతోంది.
ఈ మధ్య నిద్రలో
తాళ్ల ముడులు లెక్కపెడుతున్నానట,
మా ఆవిడ చెప్పింది.