నలభై మూడు

తెల్లారుజాము నాలుగున్నర. సుంబురు పశువులసాలలో
పేడ మీద గోనె పరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని
గాజు గొట్టం నోట పెట్టుకుని పీలుస్తున్నాను.
గొట్టం మధ్యలో జాలీ గుడ్డ.
ఇటు నా ఊపిరి, అటు దోమ.
ఇరవై రెండేళ్లుగా సర్కారు జీతం ఈ పీల్పుకే.
కాగితాల్లో కీటక సేకర్తని,
మెళియాపుట్టి కొండల మీద మాత్రం దోమల బావుని.

టార్చి వెలుగులో ఒక్కొక్కటీ
తోక లేపి, తల వంచి
గోడకి దిగేసిన ముల్లులా ఉంది.
కడుపు నిండా ఎరుపు.
ఆవుదో, సుంబురు చిన్నకూతురిదో.
పిల్లకి నిన్నటి నుంచి వణుకు.

ఈ గోడకే మొన్న ఆషాఢంలో మందు కొట్టాం.
గుమ్మం పక్కన దాలయ్య సుద్దతో రాసిన తేదీ
ఇంకా చెరగలేదు.
ఆ తేదీ మీదే కూర్చుందొకటి,
తీరిగ్గా.

మందులకి పేర్లు ఎప్పుడూ ఊరే పెట్టింది.
దాలయ్య కొత్తగా పంపు ఎత్తుకున్నప్పుడు తెల్లమందు,
కొట్టిన మర్నాడు గోడ వార చీపురుకి ఎత్తినన్ని దోమలట.
తర్వాత కంపుమందు. ఆడవాళ్లు కుండలు బయట పెట్టుకుని
మూడు రోజులు చెట్ల కింద వండుకున్నారట, మమ్మల్ని తిట్టుకుంటూ.
ఇప్పటిది వాసన లేని మందు.
"వాసనా నేదు, పనీ నేదు బావూ" అంటాడు
దగ్గుకీ నవ్వుకీ మధ్య.
దిగువ జీడితోటల్లో, పూత మీద టీదోమకని
దీని తోబుట్టువునే పీపాలకి పీపాలు కొడుతున్నారు.
మేం పంపు మోసుకుని కొండెక్కేసరికి
వీటికది పాత చుట్టం.

తెలివి మీరాయి అంటారు మా ఆఫీసులో.
తెలివి కాదు. దోమకి బడేది, పంతులేడి?
వేయింట్లో ఏ ఒక్కదాని ఒంట్లోనో
పుట్టుకతోనే ఒక చిన్న మెలిక.
మిగతావాటిని మేమే ఏరి చంపాం,
దానికి చోటు చేశాం,
ఊరంతా దాని పిల్లలకి రాసిచ్చాం
గుమ్మం గుమ్మానికీ తేదీ వేసి మరీ.

ఇంట్లో తూర్పు గోడ మీద మందు పడనివ్వదు గయ్యి.
ఎర్రమట్టి పూత మీద బియ్యప్పిండితో ఎజ్జోడు వేసిన బొమ్మ:
ఏనుగు, నిచ్చెన, జీలుగుచెట్టెక్కే మనిషి,
చేతులు పట్టుకుని వరసగా పోయిన పెద్దలు.
ఈ ఏడు ఒక మూల కొత్తగా
వీపున డబ్బా, చేత గొట్టం ఉన్నవాడొకడు.
వాడి చుట్టూ చుక్కలు.
మందు తుంపరా, దోమలా అని అడిగితే
గయ్యి నవ్వింది.

మెళియాపుట్టి ఆసుపత్రి వెనక గదిలో
నాలుగు గొట్టాలు, గొట్టానికి ఇరవై ఐదు.
మందు కాగితం చుట్టినదాంట్లో గంట.
తర్వాత మామూలు గొట్టంలోకి మార్చి
పంచదార నీళ్ల దూది, పైన తడి తువ్వాలు.
గంటకే దాదాపు అన్నీ వెల్లకిలా పడ్డాయి.
పర్లేదు అనుకుని ఇంటికెళ్లి గంజన్నం తిన్నాను.
మర్నాడు తువ్వాలు తీస్తే
పడ్డవి లేచి నిలబడ్డాయి.
నలభై మూడు.
రెండుసార్లు లెక్కపెట్టాను.
ఒకటి దూది తడి మీదే గుడ్లు పెట్టింది.

"ఇంకోపాలి సూడు, పైనోళ్లు ఒప్పరు" అన్నారు పొన్నాడ సారు.
చూశానన్నాను.
"పోనీ, పదమూడు?"
పెన్ను నా చేతిలో ఉంది.
నాలుగు వేశాను. పక్కన మూడు.
ఆయన కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశారు,
అక్కడ జీపు తప్ప ఏమీ లేదు.

సాయంత్రం మాత్రలు పట్టుకుని మళ్లీ కొండెక్కాను.
చిన్నదాని రక్తంలో ఉంది.
"ఎన్ని సచ్చాయి?" అంది గయ్యి, మాత్ర నూరుతూ.
యాభై ఏడు.
"మిగిలినోటికి పిల్లలుంటారు కదా."

దీపం తగ్గించి సాలలోకి వెళ్లాను.
గొట్టం నోట పెట్టుకుంటే
జాలీ గుడ్డ ఒక చోట వదులైనట్టు
నాలిక్కి తెలిసింది.
కొత్తదానికి జూన్‌లోనే ఇండెంటు పెట్టాను.
ఇంకా రాలేదు.