అరవై ఒకటో పేజీ

మధ్యాహ్నం మూడయ్యేసరికి
తిరువల్లిక్కేణి సందులోకి సముద్రపు గాలి తిరుగుతుంది.
ఎదుటి మేడ మీద ఆరేసిన చీరలు ఒక్కసారిగా లేస్తాయి.
అప్పుడే నా కంప్యూటర్ పోతుంది.

పోయేముందు నీలం తెర రాదు, కూత పెట్టదు.
'అయితే' అని కొడుతుంటే 'అయి' దగ్గర
ఫ్యాన్ హోరు తెగిపోయి
తెరలో నా మొహమే నాకు నల్లగా ఎదురవుతుంది.

పెళ్లికార్డులైతే మళ్లీ కొట్టుకుంటాను.
ఇది కోటిలింగంగారి పుస్తకం.
పెరంబూరు లోకో షెడ్డులో ముప్పయ్యారేళ్లు ఫిట్టరు.
కాగితం మీద సగమే రాసి తెస్తారు,
మిగతాది నా కుర్చీ వెనక నిలబడి చెప్తారు.
అరవై ఒకటో పేజీ మూడుసార్లు పోయింది.

కింద ఇడ్లీపిండి కొట్టువాడి గ్రైండర్ని అనుమానించాను.
కొన్నాళ్లు వాడితో మాటల్లేవు.

రిచీ స్ట్రీట్ నుంచి ఇద్రీస్ వచ్చాడు.
ర్యామ్ పీకి, పెన్సిల్ రబ్బరుతో దాని పళ్లు తోమాడు.
ఫ్యాన్ రెక్కల్లోంచి చిన్న దిండుకి సరిపడా దుమ్ము తీశాడు.
ప్రాసెసర్ మీద పెచ్చులు కట్టిన పేస్టు గీకి
కొత్తది బఠాణీ గింజంత పెట్టాడు.
మర్నాడు మూడుంపావుకి మళ్లీ పోయింది.
"పవర్ సప్లై అక్కా." పద్దెనిమిది వందల యాభై.
ఆ తర్వాతి వారం "మదర్‌బోర్డే అక్కా" అన్నాడు,
ఆపరేషన్ గది తలుపు తీసుకుని వచ్చినవాడి గొంతుతో.

ఆ పేజీలో ఏముందంటే,
ఇంజనుకీ పెట్టెలకీ మధ్య గాలి గొట్టం. దానికో కాక్.
అది మూస్తే పెట్టెలకి బ్రేకు అందదు.
మొదటిసారి ఆయన చెప్పింది:
"హెల్పర్ మునిరత్నం కాక్ మూసేశాడు."
కరెంటు పోయి, ఫ్యాన్ పోయి, పేజీ పోయి
రెండోసారి: "ఎవరో మూసేశారు."
మూడోసారి: "కాక్ మూసి ఉంది."
పేజీ చివర మునిరత్నం ఉద్యోగం పోతుంది.
ఆ వాక్యం మాత్రం మూడుసార్లూ మారలేదు.
నేనేమీ అనలేదు.
పేజీకి ఇరవై రూపాయలు కొట్టడానికే, అడగడానికి కాదు.

ఒకరోజు సంచీ కింద పెట్టి
"మూత తియ్యమ్మా" అన్నారు.
"ఎందుకు ఆగుతోందని ఇన్నాళ్లూ అడుగుతున్నారు మీరు.
ఆగుతోందా, ఎవరన్నా ఆపుతున్నారా?"

ఫోన్ లైటు నేను పట్టుకున్నాను.
ముందరి బటన్ వెనక, వేలిగోరంత స్విచ్చి.
ఉప్పుగాలికి తుప్పు పట్టి, సగం దిగి, పైకి రాకుండా.
గాలిలో చెమ్మ చేరితే
లోపల రెండు రేకులూ ఒకదాన్నొకటి తాకుతాయి.
నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆరిపోవాలని
దానికెవరో నేర్పారు.
పాపం, చెప్పినట్టే వింటోంది.
రోజూ పొద్దున్నే ఆ బటన్ని బొటనవేలితో
పొడిచి పొడిచి లేపింది నేనే.

ఆయన స్విచ్చిని తీగతో సహా లాగేసి
బోర్డు మీది రెండు ముళ్లకీ స్క్రూడ్రైవర్ మొన ఆనించారు.
ఫ్యాన్ తిరిగింది.
"ఇకమీదట ఇలాగే లేపుకో."

మూడయింది. చీరలు లేచాయి.
ఇద్దరం తెరనే చూస్తూ కూర్చున్నాం.
మూడుంపావు. మూడున్నర.
కింద గ్రైండర్ తన మానాన తను తిరుగుతోంది.

"అరవై ఒకటి చెప్పండి" అన్నాను.
కుర్చీ వెనక చాలాసేపు ఊపిరి మాత్రమే.
"కాక్ నేనే మూశాను. అలాగే కొట్టు."
కొట్టాను. సేవ్ చేశాను.
కింద మునిరత్నం వాక్యం ఎక్కడిదక్కడే ఉంది.

ఆయన వంగి,
ముందరి బటన్ని బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
తెర వెలుగుతూనే ఉంది.
తుప్పు స్విచ్చి ఆయన చొక్కా జేబులోనే ఉంది.