మూడింటి నుంచి ఆరింటి దాకా

పోలీసాయన వచ్చి అంటించి వెళ్ళాడు
మా తటామి చాపల కొట్టు అద్దం మీద, పసుపు స్టిక్కరు:
"పిల్లలూ, భయమేస్తే ఇక్కడికి పరుగెత్తుకు రండి."
ఆయనే ఎదురింటి హిసాయోకి చెప్పాడు
తలుపుకి రెండు గొళ్ళాలు పెట్టించుకోమని.
నేను మాత్రం
మూడింటి నుంచి ఆరింటి దాకా గడియ వేయకూడదు.

పదకొండేళ్ళు.
ఎండకి పసుపు వెలిసింది.
నాగవోకా మంచుకి తలుపు గాడి బిగుసుకుంటుందని
ఏటా డిసెంబరులో మైనం రాశాను.
ఎనిమిదేళ్ళ చెయ్యి లాగినా జరగాలి కదా.
ఒక్కరూ రాలేదు.

మొన్న, వీధంతా అలారం కూత.
సూదీ దారం విసిరేసి లేచాను.
గుమ్మంలో స్నానశాల వాళ్ళ మనవరాలు సుజునో,
బడిసంచీకి వేలాడే ఆ గుడ్డంత యంత్రాన్ని
రెండు చేతులా నొక్కిపట్టి:
"తాతా, ఇది ఆగట్లేదు. పిన్ను ఊడిపోయింది!"

తుంగపోచల మధ్య మోకాళ్ళ మీద ఇద్దరం వెతికాం.
పిన్ను దొరికి, కూత ఆగాక
రెండు గొళ్ళాలూ తీసుకుని
చీపురు పైకెత్తి వచ్చింది హిసాయో.
ముగ్గురం నవ్వాం.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల
తలుపు సగం మూసి అడిగింది:
"నిజంగా భయమేసినా రావచ్చా?"

ఎందుకడిగిందో నేనడగలేదు.
మర్నాటి నుంచి
రెండింటికే గడియ తీస్తున్నాను.